చెవికి మేత

నా కూతురి చెవి వాసన నాకు దూరం నుంచే తెలిసేది. బడి వదిలిన పిల్లలు గట్టు మీద నడిచి వస్తుంటే, గాలి మా ఇంటివైపు తిరిగిందంటే చాలు, కస్తూరి ఎంత దూరంలో ఉందో చెప్పగలిగేదాన్ని. చచ్చిన చేప, తడిసిన కోడి ఈకలు, పాచిపోయిన గంజి కలిపి మూత పెట్టి తీస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. కొల్లేటి పక్కన పుట్టి పెరిగినదాన్ని, చేపల కంపు నాకు కంపు కాదు. కానీ అది కన్నబిడ్డ తలలోంచి వస్తుంటే కడుపులో దేవేది. నా పిల్లని చూసి నాకే అసహ్యం వేస్తోందే అని ఇంకోసారి దేవేది.

పేరేమో కస్తూరి. బడిలో పిల్లలకి అంతకంటే ఏం కావాలి? "ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు" అని చప్పట్లు కొడుతూ పాడేవారు. టీచరు దాన్ని కిటికీ పక్కన విడిగా కూర్చోబెట్టింది. చిన్నప్పుడే కారి కారి ఎడం చెవి పూర్తిగా పోయింది. మిగిలింది కుడి చెవి ఒక్కటే. అదీ కారుతోంది. టీచరు పాఠం దీనిదాకా వచ్చేది కాదు. దీని వాసన మాత్రం టీచరుదాకా వెళ్ళేది.

మా ఊళ్ళో చెవి కారని పిల్లలు తక్కువ. చేపల చెరువుల్లో మేత కింద కోళ్ళ వ్యర్థం పోస్తారు. పేగులు, తలకాయలు, కాళ్ళు, అన్నీ డ్రమ్ముల్లో వస్తాయి. పొయ్యకూడదని ప్రభుత్వం అంటుంది. ఎవరూ చూడనప్పుడు పోసేస్తారు. ఆ నీళ్ళు మురుగు బోదెలోకి వస్తాయి, ఆ బోదెలో మా పిల్లలు ఈదుతారు. మా ఆయన కోటయ్య ఆ చెరువు మీదే కాపలా. డ్రమ్ములు దించి వచ్చిన చేత్తో ఆయన అన్నం కలుపుతుంటే నేను గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని.

చెవి కారడం మావాళ్ళకి జబ్బు కాదు. "కారనీ వదినా. లోపలి చెడు బయటికి పోతంది. ఆపావో, అది తలకెక్కుద్ది" అనేది మా ఆడపడుచు మంగతాయారు. మా పక్కిల్లే. దాని కొడుకు సోంబాబుకి రెండు చెవులూ కారేవి. ఎండలో దిండు వేసి, గలీబు మీది పచ్చటి మరకలు నాకు చూపించి, "చూశావా, ఎంత పోయిందో" అని సంబరపడేది.

నేను సంబరపడే రకం కాదు. నాకు ఏది చూసినా దాని చివర చావే కనపడుతుంది. పిల్ల తుమ్మితే న్యుమోనియా, ఆవులిస్తే రక్తం లేదు. మా ఆయన నన్ను "ముందే ఏడ్చేది" అని పిలుస్తాడు. అందుకే బడి దగ్గరికి చెవుల బండి వచ్చిందని వినగానే పొయ్యి మీది కూర దించి పరుగెత్తాను.

అది తెల్లటి పెద్ద వ్యాను. లోపల చిన్న ప్రయోగశాల. డాక్టరమ్మ పేరు హైమావతి. మనిషి బక్కగా, నిద్రలేని కళ్ళతో ఉంది. దారంలాంటి కెమెరాని కస్తూరి చెవిలోకి పంపి, తెర మీద చూపించింది. ఎర్రగా, తడిగా ఒక గుహ. దాని గోడకి నడుమ చిల్లు. చిల్లు చుట్టూ పచ్చటి జిగురు.

"చెవిలోపలి పొరకి పడిన చిల్లు అది. ఆ జిగురు క్రిములు కట్టుకున్న ఇల్లు. లోపల లక్షల్లో ఉంటాయి. మనం వేసే చుక్కలు ఆ గోడ దాటవు. నాలుగు రోజులు తగ్గినట్టు తగ్గి మళ్ళీ కారేది అందుకే."

తెర మీద జిగురు మెల్లగా జారింది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"మీరు కోడి ఈకతో చెవి శుభ్రం చేస్తారు కదూ?" అంది.

"అందరం చేస్తామండి. మా అమ్మా చేసేది."

"చెయ్యకండి. ఈకతో గీరుకున్న చోట బోదె నీళ్ళు పడితే, ఈ క్రిములకి గృహప్రవేశమే. బోదెలో దిగనివ్వకండి. ఆ నీళ్ళు చెవికి తాకనివ్వకండి."

తరవాత ఒక గాజు సీసా తీసింది. అందులో నీళ్ళ మీద మీగడలా తెల్లటి పొర.

"పులిసిపోయిన కల్లు మీద పొర కడుతుంది, చూశారా?"

"చూశానండి. మా మామగారు దాన్ని వేలితో తీసి గోడకి రాసి, కింద కల్లు తాగేవారు."

"ఆ పొర అల్లేది కూడా ఒక క్రిమే. దాన్ని తెచ్చి గుణం మార్చాను. ఇది చీము క్రిముల జిగురుని తింటుంది. తిని, చిల్లు మీద కొత్త పొర అల్లుతుంది. ఒక్క చుక్క చాలు."

"క్రిమిని తెచ్చి నా బిడ్డ తలలో వేస్తారా?"

"ఇప్పటికే ఉన్నాయి కదమ్మా."

"అవి దేవుడు వేసినవి."

"కాదు. మీ చెరువులవాళ్ళు వేసినవి."

"అది తిని తిని మెదడు తింటే?"

"మెదడులో ఆ జిగురు ఉండదు."

"ఉంటే?"

డాక్టరమ్మ తెర వైపు చూసింది. నేనూ చూశాను. జిగురు ఇంకా జారుతూనే ఉంది. సరే అన్నాను.

చుక్క వేసిన తరవాత రోజూ కస్తూరి చెవి దగ్గర ముక్కు పెట్టి చూసేదాన్ని. ముందు పాత కంపే. తరవాత అందులో పుల్లటి వాసన కలిసింది. ఆ తరవాత పుల్లటి వాసన ఒక్కటే మిగిలింది, అచ్చం కల్లు కుండ. కూతురి చెవిలో కల్లు వాసన పీల్చి కళ్ళనీళ్ళు పెట్టుకున్న తల్లి ఇంకెక్కడా ఉండదు. చివరికి ఏ వాసనా లేదు. మామూలు పిల్ల చెవి.

ఒక పొద్దున నేను ఎసరు పెట్టి బియ్యం కడుగుతుంటే పొయ్యి దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మా, నీళ్ళు మరిగితే చప్పుడొస్తదా?"

నేను చెయ్యి తుడుచుకోకుండానే దాన్ని పట్టుకున్నాను. ఆ రోజంతా ఊరంతా తిరిగి ఏది ఎలా మోగుతుందో విని వచ్చింది. మర్నాడు సాయంత్రం బడి నుంచి వచ్చినప్పుడు మాత్రం మొహం ముడుచుకుని ఉంది.

"వాళ్ళు చప్పట్లు కొడతంటే ఊరికే పాట అనుకునేదాన్నమ్మా, నన్నంటున్నారని తెలీదు. నేనూ కొట్టేదాన్ని."

దాన్ని దగ్గరికి తీసుకున్నాను. అయినా బాధ వినపడింది కదా, అదే పదివేలు అనుకున్నాను.

ఆ సంతోషం వానాకాలం మొదలయ్యేవరకే. కస్తూరి చెవి మీద అరచేత్తో కొట్టుకుంటూ వచ్చింది. "నీళ్ళలో మునిగినట్టుందమ్మా" అంది. దాని చెయ్యి పట్టుకుని బడి దగ్గరే మకాం పెట్టిన వ్యాను దగ్గరికి ఈడ్చుకెళ్ళాను.

తెర మీద చూస్తే, తెల్లగా బిగిసి ఉండాల్సిన పొర ఎండిన మీగడలా ముడతలు పడి ఉంది. అంచులు పైకి లేస్తున్నాయి. డాక్టరమ్మ కెమెరా బయటికి తీసింది. కస్తూరిని బయట ఆడుకోమని పంపింది.

"దానికి మేత లేదమ్మా."

"దేనికండీ?"

"పొరకి. అది బతికున్న పొర. చీము క్రిముల జిగురు తిని బతుకుతుంది. చెవిలో చీము అయిపోయింది. ఇప్పుడది ఆకలితో చస్తోంది." కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు నులుముకుంది. "ల్యాబులో ఎప్పుడూ చీము ఉండేది. మేము పోస్తూనే ఉండేవాళ్ళం. తగ్గిన చెవిలో అది ఏం తింటుందని నేను ఆలోచించలేదు. తగ్గాలనే ఆలోచించాను."

"చస్తే చావనీండి. కడిగి తీసెయ్యండి."

"అది చుట్టూ ఉన్న చర్మాన్ని పట్టుకుని అల్లుకుంది. చస్తే దాన్ని కూడా ఊడదీసుకుపోతుంది. ముందున్న చిల్లు కాదు, అసలు పొరే ఉండదు. లోపలి చిన్న ఎముకలు కూడా దెబ్బతినొచ్చు. ఇంకో రెండేళ్ళు దీన్ని బతికించగలిగితే, పిల్ల కాస్త పెద్దదయ్యాక ఆపరేషన్ చేసి మామూలు పొర వేయించవచ్చు. అప్పటిదాకా..."

అప్పటిదాకా ఏమిటో ఆవిడ నోటితో అనడానికి ఇబ్బంది పడింది. నాకే అర్థమయింది.

"ఇంకో పిల్లాడి చీము తెచ్చి నా కూతురి చెవిలో పొయ్యాలా?"

"వారానికి ఒక్క చుక్క. మా ప్లేట్లలో పెంచిన క్రిములు పనికిరావు, అవి జిగురు కట్టడం మానేస్తాయి. చెవిలోంచి తాజాగా తీసిందే కావాలి."

వ్యాను దిగి గట్టు పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాను. తరవాత మొహం కడుక్కుని మంగతాయారు ఇంటికి వెళ్ళాను.

అది పడీపడీ నవ్వింది. "నా కొడుకు చీముకి గిరాకీ వచ్చిందా? తీసుకో వదినా, ఊరికే దిండుకి అంటుకుపోతంది. రేపు వీళ్ళిద్దరికీ పెళ్ళి చేస్తే ఎట్టాగూ అన్నీ ఇచ్చుకోవాలి. పసుపు కుంకం కంటే ముందు చీము ఇచ్చుకున్నామని చెప్పుకుందాం."

శుక్రవారం శుక్రవారం సోంబాబు మా అరుగు మీద తల వంచి కూర్చునేవాడు. నేను పుల్లకి చుట్టిన దూదిని వాడి చెవిలో తిప్పేదాన్ని. బయటికి వచ్చేసరికి దూది పచ్చగా, బరువుగా ఉండేది. తీగ సాగేది. ఊపిరి బిగబట్టి డాక్టరమ్మ ఇచ్చిన ఉప్పునీళ్ళ సీసాలో ముంచి తిప్పి, ఆ నీళ్ళు ఒక్క చుక్క కస్తూరి చెవిలో వేసేదాన్ని. తరవాత రెండు చేతులూ బూడిదతో, సబ్బుతో, పసుపుతో కడిగినా అన్నం తినేటప్పుడు వేళ్ళు వాసన వచ్చేవి. సోంబాబుకి కొబ్బరుండ పెట్టేదాన్ని. వాడు శుక్రవారం కోసం ఎదురుచూసేవాడు.

"అత్తా, ఈసారి ఎక్కువొచ్చిందా?" అని అడిగేవాడు, మార్కులు అడిగినట్టు.

పొర మళ్ళీ తెల్లగా బిగిసింది. కస్తూరికి ఎసరు చప్పుడు మళ్ళీ వినపడింది.

చుక్క వేయించుకున్న పిల్లలందరికీ అదే గతి పట్టింది. డాక్టరమ్మ ఇక కొత్తవాళ్ళకి వెయ్యడం మానేసింది. ఎండిన చెవి ఒక్కటి బతకాలంటే కారే చెవి ఒక్కటి కావాలి. చూస్తూ చూస్తూ ఊళ్ళో కారే చెవులన్నింటికీ వాడుకలు కుదిరిపోయాయి, పాలవాడుకల్లాగే. బోదెలో దిగొద్దని పిల్లల్ని కొట్టే తల్లులు, పక్కింటి పిల్లాడు దిగుతుంటే చూసీ చూడనట్టు ఊరుకోవడం నేను కళ్ళారా చూశాను. ఒకామె, "ఏరా, ఈ మధ్య ఈత మానేశావేంటి?" అని ప్రేమగా అడగడం విన్నాను. ఆ గొంతు విన్నప్పుడు, కోళ్ళ పేగుల డ్రమ్ము మూత తీసినా అంత కంపు కొట్టదనిపించింది.

డాక్టరమ్మ మాత్రం గట్టిగా చెప్పింది. "కారే పిల్లలకి వైద్యం ఆపే హక్కు మనకి లేదు. పెద్దాసుపత్రిలో శుభ్రం చేయించుకోమని ఆ తల్లులకి చెప్పండి."

చెప్పాను. "తాయారూ, సోంబాబుని ఏలూరు తీసుకెళ్ళరాదూ?"

"ఎందుకొదినా? శుభ్రంగా కారతానే ఉందిగా. ఆగితేనే భయం."

"సరేలే" అన్నాను. అంత తొందరగా నేను జీవితంలో దేనికీ ఒప్పుకోలేదు. దోమ కుడితే మలేరియా అనుకునేదాన్ని, ఆ పిల్లాడి విషయంలో మాత్రం నాకు ఏ భయమూ కలగలేదు. నా భయాలన్నీ ఒకే చెవిలో పెట్టుకుని కూర్చున్నాను.

వినాయక చవితి వెళ్ళిన శుక్రవారం సోంబాబు రాలేదు. నేనే దూదిపుల్ల పట్టుకుని వెళ్ళాను. చాప మీద పడుకుని ఉన్నాడు. కుడి చెవి ముందుకి తోసుకువచ్చి, చేటలా విచ్చుకుని ఉంది. చెవి వెనక ఎర్రగా వాపు. వాసన గది నిండా ఉంది, కానీ అది నాకు అలవాటైన వాసన కాదు. కుళ్ళిన మాంసం వాసన.

"నిన్నటి నుంచి కారడం తగ్గిందొదినా," అంది తాయారు. పొయ్యి మీద వెల్లుల్లి వేసి నూనె కాస్తోంది. "అందుకే వాచింది. వేడి నూనె పోస్తే మళ్ళీ కారుద్ది."

నేను వాడి పక్కన కూర్చున్నాను. వాడు కళ్ళు తెరిచి, "అత్తా, కొబ్బరుండ తెచ్చావా?" అన్నాడు. నా చెయ్యి ముందుకి వెళ్ళింది. ముందు వాడి చెవిలో దూది తిప్పింది. సీసాలో ముంచింది. మూత బిగించింది. ఆ తరవాతే వాడి నుదుటి మీద పడింది. నుదురు కాలిపోతోంది.

ఆ చెయ్యి నాదే. దాన్ని చూస్తే ఒంటిమీద జెర్రి పాకినట్టయింది.

పొయ్యి మీది నూనె తీసి పెరట్లో పారబోశాను. తాయారు బిత్తరపోయింది. "ఏంటొదినా ఇది? కారాలి కదా!"

"కారితే మంచిదని ఎవరు చెప్పారే మనకి? ముందు ఆటో పిలువు."

ఏలూరు ఆసుపత్రిలో వాడి చెవి వెనక ఎముక కోసి, కుళ్ళంతా తీశారు. ఇంకాస్త ఆగితే మెదడుకి పాకేదని అక్కడి డాక్టరు తాయారుని కేకలేశాడు. తాయారు నా కుడి చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"నువ్వు రాకపోతే నా కొడుకు దక్కేవాడు కాదొదినా."

దాని కళ్ళు తగిలిన నా వేళ్ళు ఇంకా వాడి చీము వాసనే వేస్తున్నాయి. చెయ్యి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు. నా సంచిలో ఆ సీసా ఉంది. దాన్ని అక్కడి చెత్తబుట్టలో పడేసి రావచ్చు. ఇంటికి తెచ్చి కస్తూరి చెవిలో వేశాను.

సోంబాబుకి రెండు చెవులూ శుభ్రం చేసి, మందులిచ్చి పంపారు. ఎండిపోయాయి. వాడి నవ్వు చూసి నాకూ నవ్వు వచ్చింది. ఆ వెంటనే లెక్క గుర్తొచ్చింది. శుక్రవారం వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది. కస్తూరి అరచేత్తో చెవి మీద కొట్టుకోవడం మొదలుపెట్టింది.

ఊళ్ళో కారే చెవులు ఇంకా ఉన్నాయి. ఏదో ఇంటికి వెళ్ళి బతిమాలితే సగం వాడుకైనా ఇచ్చేవారు. వెళ్ళాను కూడా. ఆ ఇంటి పిల్లాడు అలవాటుగా తల వంచి కూర్చున్నాడు. దూదిపుల్ల పట్టుకున్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. వాడి చెవి వెనక నిమిరి చూశాను. వాపు లేదు. అయినా పుల్ల లోపల పెట్టలేకపోయాను. "వీణ్ణి ఏలూరు తీసుకెళ్ళండి" అని వాళ్ళమ్మకి చెప్పి వచ్చేశాను.

ఇంటికి రాగానే దొడ్లో కోడి ఈక ఒకటి ఏరాను. మా ఆయన చెరువు మీద ఉన్నాడు. కస్తూరి బడిలో ఉంది. బోదె గట్టు మీద కూర్చున్నాను. అప్పుడే డ్రమ్ములు దించినట్టున్నారు, నీళ్ళ మీద కొవ్వు తేలుతోంది. ఒక కోడి తల కన్ను తెరుచుకుని నావైపు కొట్టుకొచ్చింది. డాక్టరమ్మ వద్దన్నవన్నీ వరసగా చేశాను. ఈకని తిరగేసి కాడతో నా చెవిలోపల మంట పుట్టేదాకా గీరాను. దోసిలితో నీళ్ళు తీసి, తల వాల్చి, చెవి నిండా పోసుకున్నాను. చల్లగా, జిడ్డుగా లోపలికి దిగింది. వాంతి వచ్చింది. మింగాను. మళ్ళీ పోసుకున్నాను. మర్నాడూ వెళ్ళాను. ఆ మర్నాడూ.

ముందు నొప్పి వచ్చింది. దవడ తెరవలేకపోయాను. పంటినొప్పి అని మా ఆయనకి చెప్పాను. "ముందే ఏడ్చేదానివి, ఇప్పుడు నిజంగానే ఏడుస్తున్నావు" అని లవంగం తెచ్చిపెట్టాడు. తరవాత ఒక పొద్దున లేచేసరికి దిండు తడిగా ఉంది. వేలితో తాకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

అదే. చచ్చిన చేప, తడిసిన ఈకలు, పాచిపోయిన గంజి.

ఆ కంపు పీల్చగానే నా ప్రాణం కుదుటపడింది.

వ్యానులో డాక్టరమ్మ తెర మీద కస్తూరి చెవి చూసింది. పొర బిగిసింది. "ఎవరిదమ్మా ఇది? మంచి జిగురు" అంది.

"అవతలి ఊరి పిల్లాడిదండి."

నేను ఆవిడ మాట వినడానికి మెడ తిప్పి రెండో చెవి పెట్టడం ఆవిడ చూసింది. నా తలకి కట్టుకున్న రుమాలు చూసింది. దూది పాకెట్టు ఒకటి నా చేతిలో పెట్టింది.

"చెవి వెనక వాపు వచ్చినా, జ్వరం వచ్చినా, ఆ పిల్లాణ్ణి వెంటనే నా దగ్గరికి తీసుకురండి. ఒక్క పూట కూడా ఆగొద్దు."

"అలాగేనండి. వాడికి చెబుతాను."

ఇప్పుడు నా భయాలు తిరగబడ్డాయి. పొద్దున్నే దిండు తడుముకుంటాను. తడి ఉంటే దేవుడికి దణ్ణం. ఆరిపోయి ఉంటే ఈక పట్టుకుని బోదె వైపు నడక. సంతలో నా పక్కన ఎవరూ నిలబడరు. తాయారు కూడా ముక్కు చిట్లించి, "ఏంటొదినా, ఏదో చచ్చింది మీ దొడ్లో" అంటుంది. "ఎలకై ఉంటుందిలే" అంటాను.

కస్తూరి తెలివైంది. నిన్న శుక్రవారం చుక్క వేసి దూది గుడ్డలో మడుస్తుంటే అడిగింది.

"సోంబాబు బావకి తగ్గిపోయిందిగా. ఇదెవరిదమ్మా?"

"అవతలి ఊళ్ళో ఒకడు. నీకు తెలియడు."

"వాడికి వినపడదా?"

"ఒక చెవి వినపడుతుంది."

తరవాత ఏదో అంది. నా పాడైన చెవి వైపు నుంచి అంది. నాకు అందలేదు. తిరిగి చూసేసరికి చెయ్యి చాపి ఉంది. ఉదయం దానికి పెట్టిన కొబ్బరుండ, కొరకకుండా దాచుకున్నది, అరచేతిలో ఉంది.

"నువ్వు వాడికేం పెట్టట్లేదుగా. సోంబాబు బావకైతే పెట్టేదానివి. ఇది ఇవ్వు."

తీసుకుని దొడ్లోకి వెళ్ళాను. పొయ్యి కట్టెల వెనక కూర్చున్నాను. నా వేళ్ళు కంపు కొడుతున్నాయి, ఉండకీ ఆ కంపు అంటింది. బెల్లం ముక్క పంటికింద కరకరలాడింది, ఒకవైపు చెవికే వినపడింది.

మొత్తం తినేశాను. వాడికి ఇచ్చానని దానికి చెప్పాలి కదా.